పద్నాలుగో ఉత్తరం

చేతితొడుగు ఇంకా తడిగానే ఉంది.

పెర్నిలా భర్త స్టాఫన్ దాన్ని వంటింటి కిటికీ కింద రేడియేటర్ మీద ఆరేశాడు. ఎర్ర ఉన్నిది. రెండేళ్ళ పిల్ల చేతికి సరిపోయేంత. నిన్న రీసైక్లింగ్ సెంటర్లో సంచీ చిరిగి మంచు బురదలో పడ్డప్పటి నుంచీ పెర్నిలా దాన్ని ముట్టుకోలేదు. దాంతోపాటు పడ్డ కవరును మాత్రం ఇంటికి తెచ్చి, పొద్దుటి నుంచీ బల్ల మీద పెట్టుకుని కూర్చుంది.

కవరు మీద తల్లి చేతిరాత. పెర్నిలాకి అని రాసి, కింద 14 అని అంకె వేసింది.

పద్నాలుగంటే ముందు పదమూడు ఉండాలి. అవి ఏమయ్యాయో ఆ వంటింట్లో ఉన్న ఇద్దరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

"మళ్ళీ చదువు," అన్నాడు స్టాఫన్.

"నాలుగుసార్లు చదివాను."

"ఈసారి పైకి చదువు. నేనూ వింటాను."

పెర్నిలా చదివింది. 

"పెర్నిలా, ఇదే ఆఖరిది. జరిగింది జరిగినట్టు పదమూడు ఉత్తరాల్లో రాశాను. మళ్ళీ రాయను. రాద్దామన్నా ఇక కళ్ళు సహకరించవు. దీంతో పెట్టింది ఇల్వా చేతితొడుగుల్లో రెండోది. మొదటిది ఏడో ఉత్తరంతో పంపాను. నేను పోయాక నన్ను ఇల్వా దగ్గరే పెట్టండి. మీ నాన్న పక్కన వద్దు. ఆయన ఆ రోజు అన్న మాట ఇప్పుడు నీకూ తెలుసు. నన్ను క్షమించగలిగితే ఈ ఆదివారం మామూలుగా కాఫీకి రా. ఏమీ అనక్కర్లేదు. రాకపోతే నాకు అర్థమవుతుంది. అమ్మ."

ఇల్వా ఎవరో పెర్నిలాకి తెలియదు. ఆ పేరు యాభై నాలుగేళ్ళలో వాళ్ళింట్లో ఎవరి నోటా ఒక్కసారి కూడా వినలేదు.

తప్పు ఎక్కడ మొదలైందో చెప్పాలంటే కిందటి శరత్కాలానికి వెళ్ళాలి. ఎనభై నిండగానే పెర్నిలా తల్లి డాగ్నీ ఇల్లు సర్దడం మొదలుపెట్టింది. ఈ దేశంలో అదొక రివాజు, దానికో పేరు కూడా ఉంది, చావు సర్దుడు. మనం పోయాక మన చెత్త మన పిల్లల నెత్తిన పడకూడదని బతికుండగానే ఇల్లు ఖాళీ చేసుకోవడం. మంచి ఆలోచనే. చిక్కల్లా ఏమిటంటే డాగ్నీ ఒక్క వస్తువూ బయట పారేసే మనిషి కాదు. ప్రతి ఆదివారం కాఫీ అయ్యాక గుమ్మం దగ్గర ఒక కాగితం సంచీ సిద్ధంగా ఉండేది. "నీకేమన్నా పనికొస్తాయేమో చూడు," అని కూతురి చేతిలో పెట్టేది.

సరిగ్గా అదే నెలలో పెర్నిలా కుప్పకూలింది. బస్సుల టైంటేబుళ్ళు వేసే ఆఫీసులో ఇరవై రెండేళ్ళు పనిచేసిన మనిషి, ఒకరోజు లిఫ్టులో నిలబడి తను ఏ అంతస్తుకు వెళ్ళాలో గుర్తురాక ఏడ్చింది. డాక్టరు సెలవు రాసిచ్చాడు. హెల్త్ సెంటర్లో నర్సు, రోజుకో సొరుగు ఖాళీ చెయ్యండి, ఇంట్లో చోటు ఏర్పడితే బుర్రలోనూ ఏర్పడుతుంది అంది. పెర్నిలా చేసింది. సొరుగులు, బీరువాలు, అటకమీది పెట్టెలు. నిజంగానే, అంతకుముందు ఆరు నెలలుగా పట్టని నిద్ర మొదటిసారి కంటినిండా పట్టింది.

అంత కష్టపడి ఖాళీ చేసుకున్న ఇంట్లోకి తల్లి వారం వారం ఒక సంచీ నింపి పంపుతోంది. వద్దమ్మా అనడానికి నోరు రాలేదు. ఈ దేశంలో మొహమాటానికి చచ్చేవాళ్ళే ఎక్కువ, అందులో పెర్నిలా ముందు వరసలో ఉంటుంది. అందుకని ఒక ఉపాయం కనిపెట్టింది. సంచీని కారు డిక్కీలోంచి తియ్యకుండా, బుధవారం తిన్నగా రీసైక్లింగ్ సెంటరుకు తీసుకెళ్ళి, కాలేవి వేసే పెద్ద తొట్టిలో పడేసేది. తెరిచి చూసేది కాదు. తెరిస్తే పడేయలేనని ఆమెకు తెలుసు.

మళ్ళీ ఆదివారం డాగ్నీ అడిగేది. "సంచీ చూశావా?"

"చూశానమ్మా," అనేది పెర్నిలా. "థాంక్స్."

పదమూడు వారాలు ఇదే జరిగింది. పద్నాలుగో బుధవారం సంచీ చిరిగింది.

"ఫోన్ చేసి చెప్పెయ్," అన్నాడు స్టాఫన్. "చదవలేదు, పడేశాను, తప్పయింది అని. మూడు మాటలు."

"నీకు మూడు మాటలే. అమ్మ ఎన్ని నెలలు కూర్చుని రాసిందో. భూతద్దం పట్టుకుని రాసుంటుంది. అక్షరాలు చూడు, ఎలా వంకర్లు పోయాయో."

"అందుకే చెప్పమంటున్నాను."

"చెబితే చచ్చిపోతుంది."

స్టాఫన్ వంటింటి చుట్టూ చూశాడు. రెండు కుర్చీలు, ఒక బల్ల, గోడకు ఏమీ లేదు. ఈ మధ్య ఎవరైనా వస్తామంటే కుర్చీ తెచ్చుకోండి అని చెబుదామా అని ఎగతాళి చేసేవాడు. ఇవాళ ఎగతాళి చేసే మొహం లేదు.

"నా చేపల గాలాల పెట్టె కూడా తెరవకుండానే పడేశావు," అన్నాడు నెమ్మదిగా. "మా నాన్నవి. నవంబర్లో."

పెర్నిలా తలెత్తింది. "నువ్వేమీ అనలేదే."

"అనలేదు. నువ్వు నిద్రపోతున్నావు కదా అని ఊరుకున్నాను. ఈ ఇంట్లో ఎవరూ ఏమీ అనరు, అదే మన రోగం."

ఆ తర్వాత అతను కోటు వేసుకుని పనికి వెళ్ళిపోయాడు. తలుపు గట్టిగా వెయ్యలేదు. వేసినా బాగుండేదనిపించింది పెర్నిలాకి.

శుక్రవారం ఆమె రీసైక్లింగ్ సెంటరుకు వెళ్ళింది. అక్కడ పనిచేసే మారిత్ అనే ఆవిడ పెర్నిలాని గుర్తుపట్టింది. వారం వారం వచ్చి ఒక్క సంచీ వేసి పోయే మనిషిని గుర్తుపట్టకపోవడం ఎలా. పెర్నిలా విషయం చెప్పింది. ఉత్తరాలు అని చెప్పలేక, ముఖ్యమైన కాగితాలు పొరపాటున పడ్డాయంది.

మారిత్ జాలిపడింది కానీ ఆశపెట్టలేదు. అంచు దాటి తొట్టిలో పడ్డ వస్తువును తిరిగి తియ్యడానికి ఎవరికీ హక్కు లేదంది. హక్కు ఉన్నా లాభం లేదు, తొట్టి ప్రతి శుక్రవారం పొద్దున్నే ఖాళీ అవుతుంది.

"ఎక్కడికి తీసుకెళ్తారు?"

"ఎక్కడికేముందండీ, ప్లాంటుకే. అక్కడ కాలిస్తేనే కదా మన ఇళ్ళు వెచ్చగా ఉండేది."

ఫాలున్‌లో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. చెత్త కాలుతుంది, ఆ వేడికి నీళ్ళు మరుగుతాయి, ఆ నీళ్ళు భూమి కింద గొట్టాల్లో ఊరంతా తిరిగి ఇంటింటి రేడియేటర్లలోకి వస్తాయి. పెర్నిలాకీ చిన్నప్పటి నుంచీ తెలుసు. 

ఇంటికి వచ్చి వంటింట్లో నిలబడింది. చేతితొడుగు పూర్తిగా ఆరిపోయింది. రేడియేటర్లో నీళ్ళు చిన్నగా గొణుగుతున్నాయి. చలికాలమంతా గొణుగుతూనే ఉన్నాయి, ఆమె వినిపించుకోలేదు. ఈ మూడు నెలలూ తను వెచ్చగా నిద్రపోయింది ఆ పదమూడు ఉత్తరాల మంట కాచుకునా అనిపించి, కిటికీ తెరిచి, ఒళ్ళు కొంకర్లు పోయేదాకా అక్కడే నిలబడింది.

చెత్త అంతా పోయిన ఇంట్లో దాక్కోవడానికి చోటుండదు. అదొక్కటి నర్సు చెప్పలేదు. అటకమీది పెట్టెలు ఉన్నప్పుడు ఏ భయం వచ్చినా ఏదో ఒక పెట్టె వెనక ఉండేది. ఇప్పుడు హాల్లోకి వెళ్తే హాలంతా అదే. పడగ్గదిలోకి వెళ్తే అక్కడా అదే. ఎవరో చిన్నపిల్ల తన వెనకే గదిగదికీ వస్తున్నట్టుంది. తిరిగి చూస్తే తెల్లగోడ.

మధ్యాహ్నం స్టాఫన్ ఫోన్ చేశాడు. పాత జనన మరణ రికార్డుల ఆఫీసులో అడిగితే ఎవరికైనా చెబుతారు, ఉత్తరాలు కాలినా రికార్డులు కాలలేదు కదా అన్నాడు. నిన్న అన్న మాటకు అదే అతని క్షమాపణ. పెర్నిలా ఆ ఆఫీసుకు ఫోన్ చేసి, తల్లి పేరూ అప్పటి ఊరూ చెప్పి, ఇరవై నిమిషాలు ఆగింది.

అవతలి మనిషి చాలా మర్యాదగా చదివి వినిపించాడు. ఇల్వా, తల్లి డాగ్నీ, పుట్టింది పందొమ్మిది వందల డెబ్భై మూడు ఆగస్టు. పోయింది డెబ్భై ఆరు ఫిబ్రవరి. కారణం ఉందా అని అడిగింది పెర్నిలా. ప్రమాదం అని మాత్రం ఉందన్నాడు.

ఇప్పటిదాకా ఆమె ఇల్వాని తను పుట్టకముందు పోయిన అక్క అనుకుంటోంది. అలా అనుకోవడంలో ఒక సుఖముంది. ఇల్వా చెల్లెలు. ఇల్వా పోయేనాటికి పెర్నిలాకి నాలుగున్నరేళ్ళు. అంటే ఇద్దరూ ఒకే ఇంట్లో, బహుశా ఒకే గదిలో పెరిగారు. ఆ ఏడు వేసవిలోనే వాళ్ళు ఉత్తరాన ఉన్న ఆ ఊరు వదిలి ఇటు వచ్చేశారు.

గుర్తు తెచ్చుకోవాలని కళ్ళు మూసుకుంది. మంచు గుర్తొచ్చింది. మంచు ఎవరికి గుర్తుండదు. ఇంకేమీ రాలేదు.

ఆదివారం వెళ్ళకపోతే క్షమించనట్టు. వెళ్తే, ఏమిటో తెలియకుండానే క్షమించినట్టు. శనివారమంతా పెర్నిలా ఈ రెండింటి మధ్య నలిగింది. వెళ్ళి నిజం చెబుతానని చివరికి స్టాఫన్‌తో అంది. తను కూడా రానా అని అడిగాడు. వద్దంది. నువ్వుంటే అమ్మ నోరు విప్పదు, నేనూ విప్పను అంది.

డాగ్నీ గుమ్మంలోనే నిలబడి ఉంది.

ఆమె ఎప్పుడూ అలా నిలబడదు. లోపల కూర్చుని, తలుపు తీసే ఉంది రా అని కేకేసే మనిషి. ఇవాళ కారు చప్పుడు వినగానే బయటికి వచ్చి, శాలువా కప్పుకుని, మెట్టు మీద నిలబడింది. 

"వచ్చావు," అంది.

"వచ్చానమ్మా."

బూట్లు విప్పి లోపలికి వెళ్ళింది పెర్నిలా. ఇల్లు కిందటి వారం కంటే ఇంకా బోడిగా ఉంది. పటాలు తీసేసిన చోట గోడకాగితం మీద లేతరంగు చతురస్రాలు మిగిలాయి. పుస్తకాల అలమర పోయింది. గోడ గడియారం కూడా పోయింది. అది జనవరిలోనే ఒక సంచీలో వెళ్ళిపోయింది. ఏ సంచీలోనో తెలియదు కానీ, ఎక్కడికి వెళ్ళిందో పెర్నిలాకి తెలుసు.

బల్ల మీద మంచి కప్పులు పెట్టి ఉన్నాయి. ఏలకుల బన్నులు కొన్నవి కావు, చేసినవి. కళ్ళు సరిగా కనబడని మనిషి పొద్దున్నే లేచి పిండి పిసికింది.

డాగ్నీ ఆ రోజు మాట్లాడినంతగా జీవితంలో ఎప్పుడూ మాట్లాడలేదు. రాత్రి బాగా నిద్రపట్టిందంది. యాభై ఏళ్ళుగా ఆ పేరు తలుచుకుంటే గొంతులో ముద్ద అడ్డం పడేదని, ఇవాళ పొద్దున వంటింట్లో ఒక్కతే ఉండి పైకి అని చూశానని, ఏమీ కాలేదని చెప్పింది. "ఇల్వా," అని మళ్ళీ అంది, కూతురి ఎదుట, రుచి చూస్తున్నట్టు. ఇల్వాకి ఏలకుల వాసనంటే ఎంత ఇష్టమో చెప్పింది. పిండి ముద్ద దొంగిలించి తినేదట. నువ్వు కాపలా కాసేదానివి అని నవ్వింది.

పెర్నిలా కూడా నవ్వాల్సి వచ్చింది. ఇప్పుడు చెబుదాం, ఇప్పుడు చెబుదాం అనుకుంటూ మొదటి కప్పు తాగేసింది. ఎనభై ఏళ్ళ మనిషి మొహం అంత తేలికపడటం ఆమె ఎన్నడూ చూడలేదు. దాన్ని చేతులారా చెరపాలంటే మనసు రాలేదు.

"ఏడో ఉత్తరం తర్వాత నువ్వు రావనుకున్నాను," అంది డాగ్నీ, రెండో కప్పు పోస్తూ. "కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూస్తూనే ఉన్నాను. నువ్వొచ్చావు. పూలు కూడా తెచ్చావు. రెండు ముక్కలు కేకు తిన్నావు. ఎంత గుండె నిబ్బరమే నీకు, అనుకున్నాను. నేనైతే లేచి నిలబడలేకపోయేదాన్ని."

పెర్నిలాకి ఆ ఆదివారం గుర్తుంది. ఆ ముందు బుధవారం సంచీతోపాటు తన పాత కర్టెన్లు కూడా తొట్టిలో పడేసి, ఒళ్ళు తేలికై, దారిలో పూలు కొంది.

"ఆ రోజు మీ నాన్న గనిలో డ్యూటీలో ఉన్నాడు," అంటోంది తల్లి. "ఇంట్లో మనం ముగ్గురమే. పొయ్యి దగ్గర నేను నిమిషం ఆలస్యం చెయ్యకపోతే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. రాశాను కదా అదంతా. మళ్ళీ ఎందుకులే."

ఇక ఆగితే తను మనిషి కాదనిపించింది పెర్నిలాకి.

"అమ్మా, నేను అవి చదవలేదు."

డాగ్నీకి అర్థం కాలేదు. కాఫీ కూజా చేతిలోనే ఉంది.

పెర్నిలా చెప్పింది. సంచీలు, డిక్కీ, తొట్టి, చూశాను అని చెప్పిన అబద్ధాలు, అన్నీ చెప్పింది. తలొంచుకునే చెప్పింది. మంట సంగతి కూడా చెప్పింది.  అంతా అయ్యాక డాగ్నీ, పదమూడూనా అని అడిగింది. పదమూడూ. ఏడోది కూడానా. ఏడోది కూడా.



"అయితే ఆ ఆదివారాలన్నీ," అంది డాగ్నీ, "నువ్వు ఊరికే కాఫీకే వచ్చావా?"

"అవునమ్మా."

తిడుతుందనుకుంది. ఏడుస్తుందనుకుంది. రెండూ జరగలేదు. డాగ్నీ కూజా బల్ల మీద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, కూతురి మొహంలోకి చూసింది. మసకబారిన కళ్ళతో ఏదో వెతికింది. వెతికింది దొరకలేదేమో, నెమ్మదిగా ఊపిరి వదిలింది. ఆ మొహంలో కోపం లేదు. భయపెట్టే కుక్క పక్కనుంచి దాటిపోయాక మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది.

"పోనీలే," అంది. "కాలిపోతే కాలిపోయాయి. మంచిదే అయింది. ఆ ఆఖరిది కూడా ఇలా ఇచ్చెయ్. ఇక ఆ సంగతి ఎత్తకు."

"ఎత్తకుండా ఎలా ఉండనమ్మా?"

"ఇన్నేళ్ళు ఉన్నావుగా."

"అప్పుడు నాకు చెల్లెలుందని తెలియదు."

డాగ్నీ బన్నుల పళ్ళెం ఆమె ముందుకు జరిపింది. చల్లారిపోతాయి తినమంది. పెర్నిలా పళ్ళెం పక్కకు నెట్టింది. ఆమె జీవితంలో తల్లి పెట్టినదాన్ని పక్కకు నెట్టడం అదే మొదటిసారి. తల్లి తనను కాదంటుందని ఇన్నాళ్ళూ భయపడింది. ఇప్పుడు చూస్తే తల్లి తలుపు మూసేస్తోంది, అదీ ఎంతో ప్రేమగా మూసేస్తోంది. దాన్ని ఎలాగైనా ఆపాలి.

ఆమె బల్ల మీదుగా వంగి తల్లి రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మా, విను. ఏం జరిగినా సరే, నేను నిన్ను క్షమించాను. ఇవాళ వచ్చింది అందుకే. ఆ రోజు నువ్వేం చేశావో ఒక్కసారి చెప్పు, చాలు."

డాగ్నీ కనుబొమ్మలు పైకి లేచాయి.

"నేనా?" అంది.

అందులో నటన లేదు. ఎవరో దారిన పోయేవాళ్ళ పేరుతో పిలిస్తే మనిషి ఎలా ఆశ్చర్యపోతుందో అలా అంది. మరుక్షణం ఆమె నోరు టక్కున మూసుకుంది. చేతులు వెనక్కి లాక్కోబోయింది. పెర్నిలా వదల్లేదు.

ఇంట్లో మనం ముగ్గురమే. ఇందాక తల్లి అన్న మాట పెర్నిలా చెవుల్లోకి ఇప్పుడు వచ్చింది. ఏడో ఉత్తరం చదివిందనుకున్న కూతురు కేకు తినడం చూసి తల్లి ఎందుకు అంత ఆశ్చర్యపోయిందో, నాన్న ఎవరి గురించి ఏమన్నాడని ఆయన పక్కన పడుకోనంటోందో, ఒక్కొక్కటీ వచ్చింది. ఆమెకు చలేసింది. తల్లి చేతులను పట్టుకున్న తన చేతులవైపు చూసుకుంది. తనవి అనిపించలేదు.

"అమ్మా," అంది. "నేనేం చేశాను?"

డాగ్నీ ఇప్పుడు చేతులు లాక్కోలేదు. కూతురి వేళ్ళను తన అరచేతుల్లో మూసుకుంది.

"నీకప్పుడు నాలుగేళ్ళమ్మా," అంది. "తెలిసి చేసింది కాదు. తప్పంతా నీదేనన్నాడు మీ నాన్న, ఆ మాట నీ చెవిన పడకూడదనే ఇన్నేళ్ళూ దాచాను."